ఆ 33 డిగ్రీలను ఎవరు కొలిచారు?

సెంటీమీటరు తరంగదైర్ఘ్యాల రేడియో ఖగోళశాస్త్రంలో పనిచేసేవాళ్లందరికీ నోటికి వచ్చిన సంఖ్య ఒకటుంది: 33. 3సి 286 అనే క్వేజార్ (సుదూర గెలాక్సీ నడిమి నుంచి అతి ప్రకాశంగా వెలిగే వస్తువు) నుంచి వచ్చే రేడియో తరంగాలు ఏ దిక్కుగా ధ్రువణం చెంది ఉంటాయో, అంటే వాటి విద్యుత్ క్షేత్రం ఏ దిక్కులో ఎక్కువగా ఊగుతుందో చెప్పే కోణం అది. ఆకాశంలో ఉత్తరం నుంచి తూర్పు వైపుగా కొలిస్తే 33 డిగ్రీలు. పరిశీలన ముగిశాక డేటాను శుద్ధి చేసే దశలో ఎక్కడో ఒకచోట మనం ఆ సంఖ్యను టైపు చేస్తాం, ప్రోగ్రాము దాన్ని తీసుకొని మిగిలిన మూలాల (రేడియో తరంగాలు వెలువరించే ఆకాశ వస్తువుల) ధ్రువణ కోణాలన్నింటినీ దానికి తగ్గట్టు తిప్పి సరిచేస్తుంది. నాకు ఈ పని నేర్పినవాళ్లు ఆ సంఖ్యను ఇచ్చారు, నేను పుచ్చుకున్నాను, నా తరువాత వచ్చినవాళ్లకు నేనూ అలాగే అందించాను. దాన్ని ఎవరు, ఎప్పుడు, దేనితో పోల్చి కొలిచారు అన్న ప్రశ్న నాకు చాలా ఏళ్లపాటు తోచనే లేదు.

తోచవలసింది. రేడియో టెలిస్కోపులకు ప్రమాణాలుగా వాడే మూలాల ధ్రువణాన్ని కొలవడం అసలు పరిశోధనకు ముందు ఎవరో చేసిపెట్టే చాకిరీ అనీ, ఒకసారి చేస్తే చాలనీ మన రంగంలో ఒక అలవాటు స్థిరపడి ఉంది. ఆ అలవాటు తప్పని నేను వాదిస్తున్నాను. ప్రమాణం అనుకున్న ప్రతి విలువా ఒక తేదీ, ఒక పౌనఃపున్యం, ఒక దోష పరిమితి ఉన్న కొలత మాత్రమే. వాటిని వదిలేసి సంఖ్యను ఒక్కదాన్నే చేతులు మార్చుకుంటూ పోతే అది కొలతగా మిగలదు, నమ్మకంగా మారిపోతుంది. ప్రమాణ మూలాలను మళ్లీ మళ్లీ కొలవడానికి టెలిస్కోపు సమయాన్నీ మనుషులనూ గౌరవాన్నీ కేటాయించకపోతే, వాటి మీద కట్టిన అయస్కాంత క్షేత్రాల పటాలకు మనం చెప్పుకునేంత విలువ ఉండదు.

ఈ రంగంతో పరిచయం లేనివారి కోసం కొంత వివరంగా చెబుతాను. దాదాపు కాంతి వేగంతో ప్రయాణించే ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో చిక్కుకొని మెలికలు తిరిగేటప్పుడు వెలువరించే వికిరణాన్ని సింక్రోట్రాన్ వికిరణం అంటారు. ఆ తరంగాల విద్యుత్ క్షేత్రం అన్ని దిక్కులా సమానంగా ఊగదు, అయస్కాంత క్షేత్రానికి లంబంగా ఉన్న దిక్కులో ఎక్కువగా ఊగుతుంది. క్షేత్రం పూర్తిగా క్రమంగా ఉంటే ఈ ధ్రువణం 70 శాతం దాటవచ్చు. నిజానికి క్షేత్రం మూలం లోపలే చిక్కుపడి ఉంటుంది కనుక చాలా మూలాల్లో మనకు కొద్ది శాతమే మిగులుతుంది. ఆ మిగిలిన తరంగం మన దాకా వచ్చే దారిలో అయస్కాంత క్షేత్రమూ ఎలక్ట్రాన్లూ కలిసి ఉన్న చోట్లను దాటినప్పుడు దాని ధ్రువణ తలం నెమ్మదిగా తిరుగుతుంది. ఇదే ఫారడే భ్రమణం. ఎంత తిరుగుతుందన్నది తరంగదైర్ఘ్యపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, అనేక పౌనఃపున్యాల్లో కోణాన్ని కొలిచి గీత గీస్తే ఆ గీత వాలు దారిలోని అయస్కాంత క్షేత్రాన్ని చెబుతుంది: వాలు ధనాత్మకమైతే క్షేత్రం మన వైపు, ఋణాత్మకమైతే అవతలి వైపు. 1962లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపుతో సెంటారస్ ఎ గెలాక్సీని పరిశీలించినప్పుడు ఈ భ్రమణం కనిపించింది. గెలాక్సీల అయస్కాంత క్షేత్రాల గురించి ఆ తరువాత మనం తెలుసుకున్నదాంట్లో పెద్ద భాగం కోణాలను జాగ్రత్తగా కొలవడం వల్లనే వచ్చింది.

కోణాన్ని కొలవడం వినడానికి తేలిక. యాంటెన్నా నాభి వద్ద ఉండే ఫీడ్ వచ్చిన తరంగాన్ని రెండుగా విడదీస్తుంది. కొన్ని టెలిస్కోపుల్లో ఇవి కుడి, ఎడమ వృత్తాకార ధ్రువణాలు, మరికొన్నింట్లో ఒకదానికొకటి లంబంగా ఉండే రెండు సరళ ధ్రువణాలు. ఏ ఫీడూ ఈ పనిని నూటికి నూరుపాళ్లు చేయలేదు. కుడిలోకి వెళ్లవలసిన సంకేతంలో కొంత ఎడమలోకి కారుతుంది. ఈ లీకేజీ సాధారణంగా కొద్ది శాతం ఉంటుంది. కొద్ది శాతమే కదా అని వదిలేయలేం, ఎందుకంటే మనం వెతికే ధ్రువణం కూడా కొద్ది శాతమే. ఒక మూలం నిజంగా 1 శాతం ధ్రువణం చెంది ఉండి ఫీడ్ 3 శాతం కారుస్తుంటే, తెర మీద కనిపించేదాంట్లో మూలపు వాటా కన్నా యంత్రపు వాటాయే ఎక్కువ.

ఈ లీకేజీని విడదీయడానికి ఒక అందమైన ఉపాయం ఉంది. పుణె దగ్గరి ఖొడాద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ (జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్), అమెరికాలో న్యూ మెక్సికోలోని వీఎల్ఏ (వెరీ లార్జ్ అరే) వంటి టెలిస్కోపుల్లో యాంటెన్నాలు నేలకు లంబంగా ఉన్న ఇరుసు మీద పక్కలకు, అడ్డంగా ఉన్న ఇరుసు మీద పైకీ కిందికీ కదులుతాయి. అలాంటి యాంటెన్నా ఒకే మూలాన్ని గంటల తరబడి వెంబడిస్తుంటే, మూలం తూర్పు నుంచి పడమటికి జరిగే కొద్దీ ఫీడ్ దృష్టిలో ఆకాశం మెల్లగా తిరుగుతుంది. మూలపు ధ్రువణం ఆకాశంతో పాటు తిరుగుతుంది, లీకేజీ ఫీడ్‌తో పాటు కదలకుండా ఉంటుంది. తిరిగినదేదో, తిరగనిదేదో చూసి రెంటినీ వేరుచేయవచ్చు. అంత వ్యవధి లేకపోతే 3సి 84, 3సి 147 వంటి, తక్కువ పౌనఃపున్యాల్లో ధ్రువణం దాదాపు లేని మూలాన్ని కొద్ది నిమిషాలు చూసి, కనిపించినదంతా యంత్రానిదే అని లెక్క కట్టవచ్చు.

ఇవన్నీ చేశాక కూడా ఒకటి మిగిలిపోతుంది. వృత్తాకార ఫీడ్లున్న టెలిస్కోపులో ధ్రువణ కోణం కుడి, ఎడమ సంకేతాల మధ్య ఉన్న దశాభేదంలో దాగి ఉంటుంది. ఆ దశాభేదంలో కేబుళ్ల పొడవు, యాంప్లిఫయర్లు, వడపోతలు అన్నీ తమ వంతు కలుపుతాయి. ఎంత కలిపాయో టెలిస్కోపు తనకు తానుగా చెప్పలేదు. దశాభేదంలో 2 డిగ్రీల పొరపాటు జరిగితే ఆకాశంలో కోణం 1 డిగ్రీ పక్కకు పోతుంది. సరళ ఫీడ్ల విషయంలో పరిస్థితి కొంత మెరుగు, ఎందుకంటే వాటిని బిగించిన దిక్కు యాంత్రికంగా తెలుసు. కానీ ఆ దిక్కు కూడా చివరికి మేస్త్రీ రసమట్టం పెట్టి గోడ చూసుకున్నట్లు, బిగించినవారి చేతి నేర్పు మీద ఆధారపడినదే. అందుకే ఆకాశంలో ముందే కోణం తెలిసిన మూలం ఒకటి కావాలి. అక్కడే 3సి 286 వస్తుంది.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు మూడవ రేడియో జాబితా 1959లో వెలువడింది. 3సి అన్న పేరు ఆ జాబితాది, 286 అందులో దీని వరుస సంఖ్య. దాని అరుణ విస్థాపం సుమారు 0.85, అంటే అక్కడి నుంచి కాంతి మన దగ్గరికి రావడానికి దాదాపు 700 కోట్ల సంవత్సరాలు పట్టింది. 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర దాని ప్రకాశం 15 జాన్‌స్కీల (రేడియో ప్రకాశాన్ని కొలిచే యూనిట్) దరిదాపుల్లో ఉంటుంది, అందులో సుమారు 9.5 శాతం ధ్రువణం చెందినది. బిందువులా కనిపించేంత చిన్నది, ఏ టెలిస్కోపుకైనా చాలినంత ప్రకాశవంతమైనది. పైగా దాని కోణం పౌనఃపున్యంతో దాదాపు మారదు, అంటే దారిలో ఫారడే భ్రమణం దాదాపు లేదు. చాలా క్వేజార్లలో నెలల్లో మారిపోయే కేంద్రకమే ప్రధానం. 3సి 286లో వెలుగు ఎక్కువ భాగం విస్తారమైన జెట్ నుంచి వస్తుంది, అంత పెద్ద నిర్మాణం ఒక మనిషి జీవితకాలంలో పెద్దగా మారలేదు. ప్రమాణంగా ఎంచుకోవడానికి ఇంతకన్నా మంచి మూలం దొరకడం కష్టమని ఇప్పటికీ ఒప్పుకుంటాను.

ఇక నాకు జరిగినది. పరిశోధన తొలి ఏళ్లలో నేను ఒక సమీప గెలాక్సీ వెనుక ఉన్న 40కి పైగా రేడియో మూలాల ఫారడే భ్రమణాన్ని కొలిచి, ఆ గెలాక్సీలో అయస్కాంత క్షేత్రం ఒక వైపు మనకేసి, మరో వైపు అవతలికి తిరిగి ఉందని పటం గీశాను. పటం బాగా వచ్చింది. సగం ఎరుపు, సగం నీలం, మధ్యలో స్పష్టమైన సరిహద్దు. వ్యాసం ముసాయిదా కూడా సిద్ధమైంది. మా దగ్గరకు అతిథిగా వచ్చిన ఒక సీనియర్ పరిశోధకురాలికి దాన్ని చూపించాను. ఆమె చాలాసేపు చూసి, "అంతా బాగానే ఉంది బాబూ, నీ బొమ్మల్లో 3సి 286 కోణం ఎంత వస్తోంది?" అని అడిగారు.

నేను 3సి 286కు బొమ్మే తీయలేదు. దాన్ని ప్రమాణంగా వాడుకొని పక్కన పెట్టాను. ఆ సాయంత్రం దాన్ని కూడా మిగతా మూలాలు నడిచిన దారిలోనే చివరి దాకా నడిపించి చూస్తే కోణం 147 డిగ్రీలని వచ్చింది. ధ్రువణ కోణాలు 180 డిగ్రీలకు ఒకసారి మళ్లీ మొదటికి వస్తాయి కనుక 147 అంటే మైనస్ 33. గుర్తు తారుమారైంది. నేను వాడిన ఒక ప్రోగ్రాము అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 1973లో నిర్ణయించిన పద్ధతిలో, ఉత్తరం నుంచి తూర్పుకు కోణాన్ని లెక్కిస్తుంటే, దాని ఫలితాలను చదివే మరో ప్రోగ్రాము అద్దంలో చూసినట్లు ఎదురు దిక్కులో లెక్కిస్తోంది. దాంతో నేను కొలిచిన ప్రతి భ్రమణపు గుర్తూ తిరగబడింది. పటంలో మన వైపు వస్తున్నదని నేను రాసిన క్షేత్రం నిజానికి అవతలికి పోతోంది. అంత నమ్మకంగా గీసిన రెండు రంగులూ ఒకదాని చోట ఒకటి ఉన్నాయి.

ఈ పొరపాటును మరే సంఖ్యా పట్టించి ఉండేది కాదు. ధ్రువణ శాతం గుర్తు మారినా మారదు. 3సి 286 ఫారడే భ్రమణం దాదాపు సున్నా, సున్నా గుర్తు మార్చినా సున్నాయే. దాన్ని బయటపెట్టగలిగినది గుర్తుతో కూడిన కోణం ఒక్కటే, ఆ కోణం నాకు తెలిసిందల్లా అంతకుముందు ఎవరో ఓపికగా కొలిచిపెట్టినందువల్ల. ఆ రోజు నుంచి ప్రమాణ మూలం అన్న మాటకు నా మనసులో అర్థం మారింది. మొదట్లో వాడి పక్కన పెట్టే వస్తువు కాదది. చివర్లో తిరిగి వచ్చి మన పనిని పరీక్షించే సాక్షి.

కానీ సాక్షిని ఎవరు పరీక్షించాలి? ఒక టెలిస్కోపు కోణాన్ని 3సి 286తో సరిచేసి, ఆ టెలిస్కోపుతో 3సి 138 అనే మరో ప్రమాణ మూలాన్ని కొలిచి, మరో టెలిస్కోపును 3సి 138తో సరిచేసి, దానితో మళ్లీ 3సి 286ను కొలిచి 33 వచ్చిందని సంతోషిస్తే, మనం ఉన్నచోటనే గుండ్రంగా తిరిగినట్లు. ఈ గొలుసు ఎక్కడో ఒకచోట జాబితాల్లోని మరో సంఖ్య మీద కాక, నేరుగా భౌతికశాస్త్ర నియమం మీద ఆనాలి.

ఆ ఆసరా అంగారకుడి దగ్గర దొరికింది. ఏ రాతి గోళమైనా తన ఉష్ణం వల్ల రేడియో తరంగాలను వెలువరిస్తుంది. అవి నేల లోపలి నుంచి పైకి వచ్చేటప్పుడు ఉపరితలం దగ్గర వక్రీభవనం చెందుతాయి. నేరుగా పైకి వచ్చే తరంగంలో ధ్రువణం ఉండదు, ఏటవాలుగా వచ్చేదాంట్లో ఉంటుంది. అందువల్ల బింబం నడిమి భాగంలో ధ్రువణం శూన్యంగా ఉండి, అంచు దగ్గరికి వెళ్లే కొద్దీ పెరుగుతుంది. దాని దిక్కు చక్రం ఆకుల్లా ప్రతిచోటా కేంద్రం నుంచి అంచుకు ఉంటుంది. ఇది జ్యామితి చెప్పే దిక్కు. ఏ జాబితానూ నమ్మవలసిన పని లేదు. బింబాన్నంతా కలిపి చూస్తే ఎదురెదురు దిక్కులు రద్దయిపోతాయి కనుక, అంగారకుడి బింబాన్ని విడదీసి చూడగలిగే వీఎల్ఏ లాంటి టెలిస్కోపు కావాలి, అంతే. చంద్రుడి ఉష్ణ వికిరణపు ధ్రువణాన్ని హైలిస్, డ్రేక్ అనే శాస్త్రవేత్తలు 1963 నాటికే కొలిచి ఉన్నారు. చక్రం ఆకుల మాదిరి బొమ్మ తెర మీద సరిగ్గా కేంద్రం వైపు చూసేలా కోణాన్ని తిప్పితే, ఆ తిప్పిన మొత్తమే టెలిస్కోపుకు కావలసిన సవరణ.

వీఎల్ఏలో పనిచేసే రిచర్డ్ పెర్లీ, బ్రయన్ బట్లర్ ఈ పద్ధతిలో చేసిన పనిని 2013లో ప్రచురించారు. 1982 నుంచి 2012 దాకా ముప్పై ఏళ్ల పరిశీలనలను ఒకచోట చేర్చి, 1 నుంచి 50 గిగాహెర్ట్జ్ వరకు 3సి 48, 3సి 138, 3సి 147, 3సి 286 అనే నాలుగు మూలాల ధ్రువణాన్ని వారు పరిశీలించారు. ఈ వ్యాసాన్ని నేను ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు, చదివినప్పుడల్లా ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. వారు కనుగొన్నదాని ప్రకారం 3సి 286 కోణం 8 గిగాహెర్ట్జ్ దగ్గర 33 డిగ్రీలే, కానీ 45 గిగాహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి అది 36 డిగ్రీలకు పెరుగుతుంది. కాలంతో కోణం మారినట్లు ఆధారం లేదు. ధ్రువణ శాతం మాత్రం అన్ని పౌనఃపున్యాల్లోనూ ఏడాదికి సుమారు 0.015 చొప్పున పెరుగుతోంది. తక్కిన మూడు మూలాల ధ్రువణ శాతాలు నెమ్మదిగా మారుతూనే ఉన్నాయి, వాటి మొత్తం ప్రకాశంలోని మార్పులతో ఆ మార్పులకు సంబంధం ఉంది. ఇటీవలి ఏళ్లలో 3సి 48, 3సి 138 రెండూ ప్రజ్వలనాలకు, అంటే ఉన్నట్టుండి వెలుగు పెరగడానికి లోనయ్యాయి. వాటిని వాడేవాళ్లు పాత విలువలను గుడ్డిగా తీసుకోవద్దని వీఎల్ఏయే తన పరిశీలకులను హెచ్చరించవలసి వచ్చింది.

ఏడాదికి 0.015 శాతం అంటే లెక్కలోకి రానిదని అనిపించవచ్చు. ముప్పై ఏళ్లలో అది అర శాతానికి దగ్గరవుతుంది. ఈ మార్పు తెలియాలంటే ఎవరో ఒకరు ముప్పై ఏళ్లు ఒకే మూలాన్ని ఒకే శ్రద్ధతో చూస్తూ ఉండాలి. మన పంచాంగకర్తల చరిత్రలో ఇలాంటి పాఠమే ఒకటుంది. సిద్ధాంతాల్లో ఇచ్చిన గ్రహగతుల విలువల్లోని చిన్న దోషాలు శతాబ్దాలు గడిచే కొద్దీ పోగుపడి, లెక్కకూ ఆకాశానికీ పొంతన తప్పినప్పుడు, గ్రహణాలను కళ్లారా చూసి ఆ విలువలను దిద్దడాన్ని బీజ సంస్కారం అన్నారు. కేరళలో పరమేశ్వరుడు 1431లో దృగ్గణితాన్ని ప్రతిపాదించినది కూడా చూపుకూ గణితానికీ పొంతన కుదర్చడానికే. పూర్వపద్ధతి, దృగ్గణితం అంటూ మన ఇళ్లలో పండుగల తేదీల దగ్గర ఇప్పటికీ సాగే వాదనలో నేను ఎటు వైపో చెప్పనక్కరలేదనుకుంటాను.

33 అన్న సంఖ్యకు మరో కష్టం తక్కువ పౌనఃపున్యాల వైపు ఎదురవుతుంది. అక్కడ అంగారకుడు మరీ మసకగా ఉంటాడు, దక్షిణాఫ్రికాలోని మీర్‌క్యాట్ టెలిస్కోపుతోనూ వీఎల్ఏతోనూ పనిచేసేవారు అందుకే చంద్రుడిని ఆశ్రయించారు. ఆ కొలతల్లో తేలిందేమంటే, 1 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలా అంతకు దిగువనా 3సి 286 కోణం 33 దగ్గర నిలబడటం లేదు, అక్కడ అది పౌనఃపున్యంతో మారుతోంది. ధ్రువణ శాతం కూడా ఆ వైపు తగ్గుతుంది. 45 గిగాహెర్ట్జ్ దగ్గర 13 శాతం దరిదాపుల్లో ఉన్నది 1 గిగాహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి 9 శాతం లోపుకు పడిపోతుంది. పై పౌనఃపున్యాల కోసం పుట్టిన సంఖ్యను కింది పౌనఃపున్యాలకు కూడా అరువు తెచ్చుకొని ఇన్నాళ్లూ చేసిన పని అంతా ఇప్పుడు మళ్లీ చూసుకోవలసి ఉంటుంది.

ఇది మన దేశానికి నేరుగా తగిలే సంగతి. గోవింద్ స్వరూప్ నాయకత్వంలో నిర్మాణమైన జీఎంఆర్‌టీ 45 మీటర్ల వ్యాసం గల 30 యాంటెన్నాలతో పుణె దగ్గర సరిగ్గా ఈ తక్కువ పౌనఃపున్యాల్లోనే పనిచేస్తుంది. అక్కడ కోణాలను కొలిచేవారికి 3సి 286 లోపలి మార్పుతో పాటు మన నెత్తి మీదున్న అయనావరణం మరో అడ్డంకి. భూమి అయస్కాంత క్షేత్రంలో తేలుతున్న ఆ ఎలక్ట్రాన్ల పొర కూడా ఫారడే భ్రమణం కలిగిస్తుంది, రోజులోని వేళను బట్టీ సూర్యుడి ఉద్ధృతిని బట్టీ అది మారుతుంది. భ్రమణ మానం (ముందు చెప్పిన గీత వాలు) చదరపు మీటరుకు 3 రేడియన్లు అనుకుందాం. 45 గిగాహెర్ట్జ్ దగ్గర దాని ప్రభావం లేనట్లే. 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర కోణం దాదాపు 8 డిగ్రీలు తిరుగుతుంది. 650 మెగాహెర్ట్జ్ దగ్గర 37, 400 మెగాహెర్ట్జ్ దగ్గర 97 డిగ్రీలు. అంటే ఆ చివరి బ్యాండ్‌లో 33 డిగ్రీలనే ప్రమాణాన్ని పట్టుకొని అయనావరణాన్ని వదిలేసినవారు ఉత్తరాన్ని తూర్పు అనుకునే ప్రమాదం ఉంది.

పైగా జీఎంఆర్‌టీ ఉన్న అక్షాంశం సుమారు 19 డిగ్రీలు. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర పైకి లేచిన ఎలక్ట్రాన్లు రెండు వైపులా జారి పోగుపడే పట్టీకి అది దగ్గరగా ఉంది, సూర్యాస్తమయం తరువాత అక్కడ అలజడి తరచూ కనిపిస్తుంది. తిరుపతి సమీపంలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల నడిపే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ వాతావరణంతో పాటు అయనావరణంలోని ఈ అలజడులను కూడా పరిశీలిస్తూ వస్తోంది. వారికి పరిశోధనాంశమైనది మాకు దోషం, మాకు దోషమైనది వారికి పరిశోధనాంశం. ఈ రెండు సముదాయాలు ఒకే బల్ల దగ్గర కూర్చొని, ధ్రువణం బాగా తెలిసిన మూలాల కోణాలు గంట గంటకూ ఎలా తిరుగుతున్నాయో కలిసి చూడాలని నాకు గట్టి కోరిక. ధ్రువణం చెందిన ప్రతి స్థిరమైన మూలమూ అయనావరణాన్ని కొలిచే సాధనమే.

నా వాదనకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. చాలా పనులకు ఒకటి రెండు డిగ్రీల తేడా పట్టదు అని మొదటిది. ఫారడే భ్రమణం గీత వాలులో ఉంటుంది, కోణాలన్నీ ఒకే మొత్తంలో పక్కకు జరిగితే వాలు మారదు కదా అంటారు. జరిగిన మొత్తం అన్ని పౌనఃపున్యాల్లోనూ ఒకటే అయితే ఆ మాట నిజం. కానీ 3సి 286 కోణం పౌనఃపున్యంతో మారుతుండగా మారదని అనుకొని సరిచేస్తే, ఆ మార్పు వెనుదిరిగి మన పరిశీలనలోని ప్రతి మూలానికీ ఒక కల్పిత వాలుగా అంటుకుంటుంది. అందరికీ ఒకేలా అంటుకుంటుంది కనుక, మూలాలను ఒకదానితో ఒకటి పోల్చి చూసినా అది బయటపడదు.

రెండో అభ్యంతరం మరింత లోతైనది. బయటి ప్రమాణం లేకుండానే, ఆకాశం గురించి ఒక సహేతుకమైన ఊహతో టెలిస్కోపును సరిచేసుకోవచ్చు కదా అని. విశ్వ సూక్ష్మతరంగ నేపథ్య వికిరణాన్ని, అంటే విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన వెలుగును కొలిచేవారు ఈ దారిలో చాలాకాలం నడిచారు. భౌతిక నియమాలు కుడి ఎడమల మధ్య పక్షపాతం చూపకపోతే ఆ వికిరణపు ధ్రువణంలో ఈ, బీ అనే రెండు రకాల నమూనాల మధ్య సహసంబంధం ఉండకూడదు. ఉన్నట్లు కనిపిస్తే అది డిటెక్టర్ల కోణంలోని దోషమని భావించి, అది మాయమయ్యే దాకా కోణాన్ని తిప్పుతారు. కానీ ప్రకృతికి నిజంగానే అలాంటి పక్షపాతం ఉంటే? విశ్వమంతా ప్రయాణించిన ధ్రువణ తలం ఏదో తెలియని క్షేత్రం వల్ల కొద్దిగా తిరిగి ఉంటే? ఆ ఆవిష్కరణను మన చేతులతో మనమే తుడిచేసినట్లు. 2020లో మినామి, కొమత్సు అనే శాస్త్రవేత్తలు ఆ వికిరణాన్ని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహ డేటా నుంచి అలాంటి భ్రమణం 0.35 డిగ్రీలని, 0.14 డిగ్రీల అనిశ్చితితో ప్రకటించారు. డిటెక్టర్ల కోణదోషాన్ని వేరుచేయడానికి వారు మన పాలపుంత ధూళి నుంచి వచ్చే ధ్రువణాన్ని ఆసరా చేసుకోవలసి వచ్చింది. ఆ రంగంలో కోణానికి ప్రమాణంగా వాడే ప్రధాన మూలం క్రాబ్ నెబ్యులా, 1054లో చైనా ఖగోళజ్ఞులు చూసిన పేలుడు నక్షత్రపు శేషం. దాని కోణం మనకు తెలిసిన కచ్చితత్వం కూడా డిగ్రీలో మూడోవంతు ప్రాంతంలోనే ఉంది. కొత్త భౌతికశాస్త్రం ఉందో లేదో తేల్చవలసిన కోణమూ, మన ప్రమాణంలోని సందేహమూ ఒకే పరిమాణంలో ఉన్నాయి. ఇక్కడ ప్రమాణాన్ని కొలవడం అసలు పరిశోధనకు ముందు చేసే ఏర్పాటు అని ఎవరైనా అనగలరా?

మూడోది డబ్బుకూ సమయానికీ సంబంధించినది. టెలిస్కోపు సమయం కోసం వచ్చే దరఖాస్తులు ఉన్న సమయం కన్నా ఎప్పుడూ ఎక్కువే. కొత్త గెలాక్సీని చూస్తామన్న దరఖాస్తు పక్కన, అదే పాత క్వేజార్‌ను ఇరవయ్యోసారి చూస్తామన్న దరఖాస్తు వెలవెలబోతుంది. ఈ ఇబ్బంది నిజమైనదే, దీనికి నా దగ్గర తేలికైన సమాధానం లేదు. అయినా ఒకటి అడగగలను. ఏ కూరగాయల దుకాణంలోనైనా తూనికరాళ్లకు తూనికలు, కొలతల శాఖ నిర్ణీత కాలానికి ఒకసారి మళ్లీ ముద్ర వేయాలి, ముద్ర పాతబడితే ఆ రాయితో తూచడం నేరం. కిలో వంకాయలకు మనం పట్టే పట్టింపు గెలాక్సీల అయస్కాంత క్షేత్రాలకు పట్టనక్కరలేదా? ప్రతి పెద్ద టెలిస్కోపు తన సమయంలో ఒక చిన్న భాగాన్ని ఏటా తప్పకుండా ఇందుకు కేటాయించి, వచ్చిన విలువలను తేదీతో, పౌనఃపున్యంతో, అయనావరణ సవరణ వివరాలతో ప్రచురించాలి. ఆ పని చేసిన యువ పరిశోధకులకు ఉద్యోగాల ఎంపికల్లో అది కొత్త ఆవిష్కరణతో సమానంగా లెక్కకు రావాలి. భారత్ భాగస్వామిగా ఉన్న ఎస్‌కేఏ (స్క్వేర్ కిలోమీటర్ అరే) అనే మహా రేడియో టెలిస్కోపు పరిశీలనలు మొదలుపెట్టి లక్షల మూలాల ధ్రువణాన్ని కొలవబోయే ముందే ఇది స్థిరపడాలి, ఎందుకంటే ప్రమాణంలోని దోషం లక్ష మూలాలను సగటు చేసినా తగ్గదు.

వ్యాసాలు రాసేవారిని నేను అడిగేది ఇంకా చిన్నది. "ధ్రువణ కోణాన్ని 3సి 286తో సరిచేశాం" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, ఏ విలువను వాడారో, ఆ విలువ ఏ సంవత్సరపు కొలతో, గుర్తుల పద్ధతి ఏదో రాయాలి. పల్సార్లను (క్రమం తప్పకుండా స్పందనాలు పంపే నక్షత్రాలను) పరిశీలించేవారు వృత్తాకార ధ్రువణపు గుర్తును సమాఖ్య పద్ధతికి ఎదురుగా రాయడం మామూలు, సూక్ష్మతరంగ నేపథ్యం వాళ్లు కోణాన్ని ఎదురు దిక్కులో లెక్కించడం మామూలు. ఎవరి పద్ధతి వారిది కావచ్చు, కానీ చెప్పకపోతే చదివేవారు ఊహించుకోవలసి వస్తుంది. ఒకే పరిశీలనలో కోణం తెలిసిన రెండో మూలాన్ని కూడా చూసి, దాన్ని సరిచేయడానికి వాడకుండా, పరీక్షించడానికి మాత్రమే అట్టిపెట్టుకోవాలి.

నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను. గడిచిన పరిశీలనలో 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర చివరి పది నిమిషాలు 3సి 138కి ఇచ్చాను. దాని కోణం మైనస్ 11 డిగ్రీల దరిదాపుల్లో రావాలి. ప్రజ్వలనం తరువాత ఎంత మారి ఉంటుందో అన్న సందేహంతోనే లెక్క నడిపాను. నాకు మైనస్ 13 వచ్చింది. ఆ 2 డిగ్రీలు మూలానివా, అయనావరణానివా, నావా అన్నది తేల్చడానికి మరో రెండు రాత్రుల కోసం దరఖాస్తు రాస్తున్నాను.